కుంచము మారిన న్యాయము

మా యూర ధాన్యము బదులిచ్చునపుడు పెద్దలొక నియమమును పాటించెడివారు. ఇచ్చునాడు ఏ కుంచముతో కొలిచిరో, తీర్చునాడును ఆ కుంచముతోనే కొలువవలెను. అంచుకు సమముగా కొలిచినచో సమముగానే, గుట్టగా పోసి కొలిచినచో గుట్టగానే. కుంచము మారినచో గింజ పెరిగినదో, పాత్ర తరిగినదో చెప్పజాలము. ఈ న్యాయము బిడ్డల మనస్సును కొలుచుటకును వర్తించునని సికింద్రాబాదు చరిత్రమువలన నేను గ్రహించితిని.

ఆటిజము అను స్థితి పసితనముననే కానవచ్చును. పేరుపెట్టి పిలిచినను బిడ్డ తిరిగి చూడకపోవుట, ఎదుటివారితో కలియకపోవుట, ఒకే మాటను, ఒకే చేష్టను మరల మరల చేయుట దీని గుర్తులు. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగర వైద్యుడు లియో కానర్ ఇట్టి పదునొకండుగురు బిడ్డలను వర్ణించెను. 1971లో వారి తరువాతి జీవితములను గూర్చి మరల ప్రకటించెను. ఒకడు బ్యాంకులో కొలువు చేయుచుండెను. కొందరు ఆశ్రయశాలలలోనే కాలము గడిపిరి. ఒక్క పేరుగల స్థితి ఇన్ని దారుల బోయినది. కావున తీవ్రత యెంత, కాలక్రమమున అది మారినదా యను ప్రశ్న పుట్టినది. దీనికి రక్తపరీక్ష లేదు. కంటితో చూచి, తల్లిదండ్రులనడిగి తెలిసికొనవలసినదే.

సికింద్రాబాదు బోయినపల్లియందలి మనోవికాస్ నగరులో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ వెలసినది. ఆటిజమును కొలుచుటకు మన దేశపు కొలమానము నొకదానిని ఈ సంస్థ సిద్ధపరచి, 2009లో వెలువరించెను. అందు 40 అంశములు, ఆరు విభాగములు. ఒక్కొక్క అంశమునకు 1 మొదలు 5 వరకు గుణము. మొత్తము 70కి లోబడిన ఆటిజము లేదు; 70 మొదలు 106 వరకు స్వల్పము; 107 మొదలు 153 వరకు మధ్యమము; అంతకు మించిన తీవ్రము. 2016 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వము ధ్రువపత్రముల కీ కొలమానమును నిర్ణయించెను. ఆ యేడే వచ్చిన వికలాంగుల హక్కుల చట్టమున ఆటిజమునకు చోటు దొరకెను.

ఇక్కడనే కష్టమున్నది. నూటికి 40 వంతుల వైకల్యమున్నగాని ముఖ్యమైన సాయములు లభింపవు. 70 గుణములు వచ్చిన బిడ్డ గడపలోపల, 69 వచ్చిన బిడ్డ గడపవెలుపల. ఒక్క గుణము నిజముగా బిడ్డదా, కొలిచినవారిదా? మొదటినాడు కొలిచినవారొకరు, రెండవనాడు మరియొకరు. తల్లి యొకనాడు సిగ్గుచే లోపమును దాచును. మరియొకనాడు సాయము పోవునను భయమున హెచ్చించి చెప్పును. మూడేండ్లనాడు మాటలాడని బిడ్డ ఎనిమిదేండ్లకు మాటలాడిన, అంకె తగ్గును. కాని తోటివారితో కలియలేని బాధ అట్లే యుండవచ్చును.

2009లో గోథమ్, పికిల్స్, లార్డ్ అను ముగ్గురు పరిశోధకులు వేరొక పరీక్ష అంకెలు వయస్సును బట్టియు, మాటల నేర్పును బట్టియు కదలుచున్నవని కనిపెట్టి, ఒకే వయస్సు, ఒకే మాటల స్థాయిగల బిడ్డలతో పోల్చి 1 మొదలు 10 వరకు నొక క్రొత్త కొలతను కట్టిరి. ఆ కొలతతో పరికించి, ఏండ్లు గడచినను పెక్కుమంది బిడ్డల తీవ్రత దాదాపు నిలుకడగానే యున్నదని 2012లో తెలిపిరి. హెచ్చినవారును తగ్గినవారును కొద్దిమందియే.

కావున ఒకటి రెండు గుణములు తగ్గినవని పండుగయు వలదు, పెరిగినవని యేడుపును వలదు. మీ యూర నెవరైనను ఇట్టి కాగితమును మీకు చూపినపుడు, అంకెతోబాటు కొలిచిన దినమును, కొలిచినవారిని, ఏ భాషలో అడిగిరో దానిని విచారింపుడు. మరల కొలుచునాడు అవన్నియు సాధ్యమైనంతవరకు మారకుండునట్లు చూడుడు. అంకె కదలినచో బిడ్డ మారెననుటకు ముందు కుంచము మారినదేమో యడుగుట పెద్దల ధర్మమని నా మనవి.