తాండూరు చొప్ప: కార్తె నుంచి కోత దశ దాకా

తాండూరు అనగానే ఇవాళ కంది, నాపరాయి గుర్తుకొస్తాయి. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయితే ఈ నల్లరేగడిలో కందికి తోడుగా తరతరాలు జొన్న పండింది. ఇంటిల్లిపాదికి రొట్టె, ఎడ్లకూ బర్రెలకూ చొప్ప ఆ ఒక్క పైరే ఇచ్చింది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా తాండూరు గుల్బర్గా జిల్లాలో తాలూకా. అందుకే ఇక్కడి జొన్న సాగు తీరు అటు కన్నడ సీమకూ ఇటు తెలంగాణకూ చెందింది. ఇక్కడి పశుగ్రాసం చరిత్ర చాలావరకు జొన్నను ఎప్పుడు విత్తారు, ఎప్పుడు కోశారు అన్న చరిత్రే.

పునాస జొన్నకు అదును మృగశిర కార్తె. జూన్ రెండో వారంలో తొలకరి పదును చూసి గొర్రు కట్టేవారు. జొన్న సాళ్ల నడుమ కంది సాలు పడేది. జొన్న ముందు కోతకు వచ్చేది, కంది సంక్రాంతి రోజుల దాకా చేలో నిలిచేది. ఈ అదును వెనుక రెండు బలమైన కారణాలున్నాయి. జూలై నడిమి దాటాక విత్తితే మొవ్వు ఈగ మొలకలను చంపుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. పాత దేశవాళీ జొన్నలు పగటి పొద్దు తగ్గడాన్ని బట్టి పూతకు వచ్చేవి. ముందు విత్తినా వెనక విత్తినా వానలు వెనుదిరిగే వేళకే కంకి వేసేవి. కాబట్టి ముందు విత్తిన పైరుకు పెరిగే రోజులు ఎక్కువ, చొప్ప ఏపు ఎక్కువ. ఆలస్యమైన ప్రతి వారం నేరుగా పశువు మేతలో కోత పెట్టేది. ఈ లెక్కను రైతు కార్తెల్లోనే గుర్తుపెట్టుకున్నాడు. అది మూఢనమ్మకం కాదు, పొలంలో పరీక్షకు నిలిచిన పంచాంగం.

లోతైన రేగడుల్లో పద్ధతి వేరు. వానాకాలమంతా భూమిని దున్ని ఉంచి, ఉత్తర, హస్త కార్తెల్లో జొన్న విత్తేవారు. నేలలో దాగిన తేమే ఆ పైరుకు నీరు. అక్టోబరు గడిచాక విత్తితే ఆ తేమ చాలక చొప్ప గిడసబారుతుంది. కోత వానలు లేని రోజుల్లో వచ్చేది కనుక చొప్ప శుభ్రంగా ఎండి, రంగు చెడకుండా వాముకు చేరేది. చుట్టూ ముళ్ల కుసుమ వేస్తే పశువులు చేలో పడేవి కావు. మహారాష్ట్రలోని మోహోల్‌లో మాల్దండి జొన్న నుంచి ఏరిన ఎం 35-1 రకం ఇప్పటికీ యాసంగిలో నిలిచిందంటే, గింజతో పాటు దాని చొప్ప కూడా కారణం.

1964లో వచ్చిన సీఎస్‌హెచ్-1, దేశపు మొదటి సంకర జొన్న, ఈ పొందికను చెదరగొట్టింది. అది పొట్టి పైరు, పగటి పొద్దుతో పని లేకుండా సుమారు వంద రోజుల్లో పండేది. గింజ దిగుబడి బాగా పెరిగింది. కానీ కంకి ముదిరే సమయానికి వానలు ఇంకా పడుతూ ఉండేవి. గింజకు బూజు పట్టింది, కోసిన చొప్ప తడిసి నల్లబడింది. గింజనే లెక్కగట్టి చొప్పను మరచిన పరిశోధనకు ఇది పెద్ద పాఠమని నా అభిప్రాయం. 2004-05లో హైదరాబాద్ చొప్ప వ్యాపారుల దగ్గర ఇక్రిశాట్, అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు నెలనెలా ధరలు సేకరించారు. చొప్ప జీర్ణమయ్యే శాతంలో అయిదు పాయింట్ల తేడాకే ధరలో దాదాపు నాలుగో వంతు తేడా పలికింది. చొప్ప నాణ్యత కొనేవారికి ఎప్పుడూ తెలుసు.

బోరుబావులు, పాల కేంద్రాలు వచ్చాక పచ్చిమేత కోసమే పైరు వేయడం మొదలైంది. ఝాన్సీలో 1962లో పశుగ్రాస పరిశోధన సంస్థ ఏర్పడింది. క్రమంగా కోతకు కార్తె బదులు పైరు దశ కొలత అయింది. మేత జొన్నను సగం పూతలో కోయాలి. అంతకు ముందైతే తూకం చాలదు, తర్వాత పీచు పెరిగి మాంసకృత్తులు తగ్గుతాయి. పలు కోతల రకాలకు మొదటి కోత రెండు నెలలకు, ఆపై నెలన్నరకోసారి. అలసందను పూతలో కోస్తే మేలు. పాతర వేసే మొక్కజొన్నకైతే గింజలో పాలు పోయి పిండి గట్టిపడే దశ అదును.

తొందరపడితే ప్రాణాపాయమూ ఉంది. లేత జొన్న, బెట్టకు వాడిన జొన్న, కోసిన మోడు నుంచి వచ్చే పిలకలు మేసి పశువులు కూలిపోవడాన్ని మనవాళ్లు నాము అన్నారు. 1902లో డన్‌స్టన్, హెన్రీ అనే ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్తలు ఆ విషానికి మూలమైన పదార్థాన్ని లేత జొన్నలో కనుగొన్నారు. దాని నుంచే సైనైడ్ పుడుతుంది. యాభై రోజులు దాటని జొన్నను కోయకపోవడం, బెట్టలో ఉన్న చేనుకు తడి ఇచ్చి కొన్ని రోజులు ఆగాకే కోయడం నేటికీ మందు కన్నా మేలైన రక్షణ.

ఇవాళ తాండూరు చుట్టుపక్కల కంది, పత్తి పరుచుకుపోయాయి. కంది పొట్టు మంచి మేతే, కానీ అది చేతికొచ్చేది చలికాలంలో. వేసవికి చొప్ప వేరే ఊళ్ల నుంచి కొనాల్సి వస్తే పాల మీద మిగిలేది ఏముంటుంది? కందిలో పాత జొన్న సాలును మళ్లీ పెట్టండి. వీలైతే ఒక మడిని మేతకే కేటాయించి, మృగశిరలో విత్తి, సగం పూత కనబడగానే కొడవలి పట్టండి.