చైనాలో హైదరాబాద్ ఔషధ సంస్థల పెట్టుబడులు

హైదరాబాద్ మందుల కంపెనీలను చైనాకు నడిపించినవి ముడిసరుకు, మార్కెట్టు. ఎన్నో యాంటీబయాటిక్కులకు మూలమైన పెన్సిలిన్-జి ఉత్పత్తిలో చైనాదే పైచేయి. అందుకే అరబిందో ఫార్మా షాన్సీ ప్రావిన్సులోని దాతోంగ్‌లో కర్మాగారం నడిపింది. 1984లో కల్లం అంజిరెడ్డి స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ షాంఘై దగ్గరి కున్‌షాన్‌లో రోటమ్ గ్రూపుతో ఉమ్మడి సంస్థ పెట్టింది. చైనాలో ఓపిగ్గా కొనసాగినందుకు డాక్టర్ రెడ్డీస్‌కు తగిన ఫలం ఆలస్యంగా అందింది. 2018లో చైనా ప్రభుత్వం 11 నగరాల ఆసుపత్రుల కొనుగోళ్లను కలిపి టెండర్లు పిలిచింది. తక్కువ ధరకు ఇవ్వగలిగినవారికి ఒక్కసారిగా పెద్ద ఆర్డరు. హైదరాబాద్‌లోని మూసారాంబాగ్ మెడికల్ షాపుల్లో స్ట్రిప్పుల లెక్కన అమ్మే జెనరిక్ మందులతో రాటుదేలిన కంపెనీలకు ఇది కలిసొచ్చే పద్ధతే. 2019 టెండరులో స్కిజోఫ్రీనియాకు వాడే ఓలాంజపిన్ మాత్రకు డాక్టర్ రెడ్డీస్ ఎంపికైంది. ఇక అరబిందో, ఆ తర్వాతి కాలంలో పెన్సిలిన్-జి తయారీని కాకినాడ ప్రాంతంలోనే చేపట్టింది.