కోవూరు నుంచి ఆపరేషను బల్ల దాకా

తిన్నాక కడుపు మెలిపెట్టి నొప్పి, ఓ నాలుగు రోజులు తెరిపి, మళ్ళీ నొప్పి. మనిషి చిక్కిపోతుంటే మా కోవూరు వైపు ముందు వాయువనుకునేవాళ్ళు, తర్వాత పుండనుకునేవాళ్ళు, ఆ తర్వాత పేగు క్షయ అనుకునేవాళ్ళు. చిన్నపేగులో కాన్సరు ఉండొచ్చని ఎవరికీ తోచేది కాదు. అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఇరవై అడుగుల పేగు అది, అయినా జీర్ణమార్గంలో వచ్చే కాన్సర్లలో దాని వంతు నూటికి అయిదు లోపే. పల్లెలో వైద్యం చేసేవాడు జీవితమంతా ఒక్క కేసు కూడా చూడకపోవచ్చు.

నేను పని నేర్చుకుంది నెల్లూరు ప్రజావైద్యశాలలో. దాన్ని నడిపిన డాక్టరు రామచంద్రారెడ్డిగారు కమ్యూనిస్టు నాయకులు పుచ్చలపల్లి సుందరయ్యగారి తమ్ముడు. వాళ్ళ ఊరు అలగానిపాడు, మా కోవూరు తాలూకాలోదే. అక్కడ నాకబ్బిన పెద్ద విద్య ఒకటుంది: మన చేతిలో లేని జబ్బుని పట్టుకుని కూర్చోకుండా, వేళకి పైకి పంపించడం. చిన్నపేగు కాన్సరు విషయంలో మనిషి బతుకు తేలేది అలా పంపడంలోనే.

పంపించడమంటే ఆ రోజుల్లో మెడ్రాసే. 1953 దాకా మా జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే కదా. పడుగుపాడులోనో నెల్లూరులోనో రైలెక్కి సెంట్రల్లో దిగితే ఎదురుగానే జనరలాసుపత్రి. చెల్లెల్ని కాన్సరు తీసుకుపోయిందన్న బాధతో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు పట్టుబట్టి సాధించిన అడయారు కాన్సరాసుపత్రి 1954లో పన్నెండు మంచాలతో మొదలైంది. ఆ తర్వాత మావైపు "అడయారు తీసుకుపోయినారంట" అంటే ఇక జబ్బు పేరు అడగక్కర్లేదు.

అయితే చిన్నపేగు కాన్సరు రోగులు అడయారు దాకా నేరుగా వెళ్ళిన సందర్భాలు తక్కువ. గడ్డ పెరిగి పేగు మూసుకుపోయి, పొట్ట ఉబ్బి, పసరు వాంతులవుతుంటే రాత్రికి రాత్రి దగ్గరున్న ఆసుపత్రిలో పొట్ట కోసేవాళ్ళు. కోశాకే గడ్డ కనిపించేది. ముందుగా తెలిసి చేసే ఆపరేషను వేరు, ప్రాణం నిలబెట్టడానికి గబగబా చేసేది వేరు. రెండోదాంట్లో అడ్డు తీసి పేగు కుట్టడమే గొప్ప. దాని వెనకున్న లింఫు గ్రంథుల్ని ఏరి తీసే తీరిక ఉండదు.

మన దేశంలో ఇంకో చిక్కుంది. చిన్నపేగు చివర, పెద్దపేగులో కలిసేచోట, క్షయ కూడా ఇలాగే పేగుని ఇరుకు చేస్తుంది. బరువు తగ్గడం, నెత్తురు తగ్గడం, జ్వరం రెంటికీ ఉంటాయి. ముక్క తీసి పరీక్ష చేయించకుండా నెలలపాటు క్షయ మందులు మింగించిన ఇళ్ళు నాకు తెలుసు. ఆ నెలలే గడ్డకి కలిసొచ్చాయి. ఆ బాధ నన్నింకా వదల్లేదు.

కత్తి పని మాత్రం ఎప్పుడో కుదురుకుంది. గడ్డ పేగు మధ్యలో ఉంటే అటూ ఇటూ ఆరోగ్యంగా ఉన్న భాగంతో సహా కోసి, విసనకర్రలా పరుచుకున్న పేగు పొరనీ అందులోని గ్రంథుల్నీ తీసి, కొసలు కలిపి కుడతారు. చివర్లో ఉంటే పెద్దపేగు కుడిభాగం కూడా పోతుంది. కష్టమంతా జీర్ణాశయం దిగువన ఉండే మొదటి భాగంలో ఉంది. అడినోకార్సినోమా అనే రకంలో సుమారు సగం పుట్టేది అక్కడే. పిత్తనాళం, క్లోమం దాన్ని అంటుకునే ఉంటాయి. 1935లో న్యూయార్కులో అలెన్ విపుల్ ఆ చోటికి తగిన ఆపరేషనుని రెండు విడతల్లో చేసి చూపించాడు. ఈనాటికీ పెద్ద సర్జన్లు పేరు పెట్టి చెప్పుకునేది ఆయన్నే.

ముందే కనిపెట్టే దారి మాత్రం నిన్నమొన్నటిది. మింగే క్యాప్సూల్ కెమెరా 2000 ప్రాంతంలో వచ్చింది. జపాన్‌లో యమమోటో రెండు బెలూన్ల గొట్టంతో పేగు లోతుకి వెళ్ళి ముక్క తీయడం ఆ వెనకే వచ్చింది. మా ఊరికి అంతకన్నా మేలు చేసినవి సీటీ స్కానూ, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకమూ. పొలం కుదవపెట్టకుండా కాన్సరు ఆపరేషనుకి పోగలగడం మావాళ్ళకి అప్పుడే తెలిసింది.

బతుకు సంగతికొస్తే, అన్ని గడ్డలూ ఒకటి కాదు. 1907లో ఓబర్‌న్‌డోర్ఫర్ విడదీసి చూపిన కార్సినాయిడ్ మెల్లగా పెరుగుతుంది, చాలామంది ఏళ్ళ తరబడి ఉంటారు. జిస్ట్ అనే గడ్డకి 2002 నుంచి ఇమాటినిబ్ మాత్ర అందివచ్చింది. మామూలు అడినోకార్సినోమాలో అన్ని దశలూ కలిపి అయిదేళ్ళు దాటేది సుమారు మూడోవంతు మంది. గడ్డ పేగు గోడ దాటకముందే తీస్తే సగానికి పైగా దాటుతారు. గ్రంథులకి పాకితే ఆ లెక్క బాగా పడిపోతుంది.

అందుకే ఆపరేషనై ఊరొచ్చినవాళ్ళని బయాప్సీ కాగితం తెమ్మంటాను. గడ్డ రకమేమిటో, కోసిన అంచులు శుభ్రంగా ఉన్నాయో లేదో, ఎన్ని గ్రంథులు చూశారో చదువుతాను. చిన్నపేగు మధ్య, చివరి భాగాల్లో కనీసం ఎనిమిది చూడాలి. తక్కువుంటే, "అన్నా, ఈ కాగితంతో కాన్సరు డాక్టరు దగ్గరికి ఈ వారమే పో, తర్వాత మందులు పెట్టాలా వద్దా అడుగు" అని చెప్పి, అడగాల్సినవి చీటీ మీద రాసిస్తాను.