లాఠీచార్జి: సగం కర్ర, సగం బండి

మన దిక్కు భూముల కోసం, వాగునీళ్ల కోసం రోడ్డెక్కినోళ్లు చాలామందే ఉన్నరు. నక్కవాగు కాలుష్యం మీద కేసు 1990లోనే సుప్రీంకోర్టు దాకా పోయింది. రోడ్డెక్కినప్పుడల్లా వెనకనే వినపడే మాట లాఠీచార్జి. ఈ మాట ఎక్కడ పుట్టిందో ఒకసారి చూద్దాం.

లాఠీ అంటే హిందీల కర్ర. సంస్కృతంల 'యష్టి', అది ప్రాకృతంల 'లట్ఠి' అయి, ఆఖరికి లాఠీ అయింది. మొదట అది పోలీసోళ్లది కాదు, పశువులు కాసేటోళ్లది. 'కర్ర ఉన్నోడిదే బర్రె' అని మనం అంటం గదా, హిందీల ఆ సామెతల ఉన్న కర్ర లాఠీయే. బెంగాల్ జమీందార్లు రైతుల మీదికి తోలనీకి లాఠీ పట్టేటోళ్లను జీతమిచ్చి పెట్టుకున్నరు. మన తెలంగాణల మాత్రం కర్ర రైతు చేతికొచ్చింది. నిజాం కాలంల సంఘపోళ్లు గుతపలు పట్టిన్రు, అందుకే దాన్ని గుతపల సంఘం అన్నరు.

ఇగ చార్జి. దీని మూలం లాటిన్‌ల 'కర్రుస్', అంటే బండి. బండికి బరువెత్తుడు అనే మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చింది. బరువు నుంచి బాధ్యత, ఖర్చు, నేరం మోపుడు, మీదపడి కొట్టుడు, ఇన్ని అర్థాలు పుట్టినయి. బస్ చార్జి, ఇన్‌చార్జి, చార్జిషీటు అన్నీ ఒక్క తల్లి పిల్లలే.

ఈ రెండూ బ్రిటిషోళ్ల పాలనల జతకలిసి, భారతదేశపు ఇంగ్లీషుల క్రియ కూడా అయింది. 1928 అక్టోబర్ 30న లాహోర్‌ల సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా ఊరేగింపు తీస్తే లాలా లజపతిరాయ్‌ను లాఠీలతో కొట్టిన్రు. నవంబర్ 17న ఆయన చనిపోయిండు.

తెల్లోళ్లు పోయిన్రు, మాట మిగిలింది. 2016 జూలై 24న, సంగారెడ్డి కేంద్రంగా ఉన్న అప్పటి ఉమ్మడి మెదక్ జిల్లాలనే, మల్లన్నసాగర్ ముంపు ఊర్లోళ్లు రాజీవ్ రహదారి దిక్కు పోతుంటే పోలీసులు లాఠీచార్జి చేసిన్రు.

పేపర్ల ఎట్ల రాస్తరో గమనించిన్రా? 'స్వల్ప లాఠీచార్జి జరిగింది' అంటరు. వాన పడ్డట్టు, దానంతట అదే జరిగిందా? ఎవరు కొట్టిన్రు, ఎవరికి తగిలింది అనేది ఆ మాటల దాక్కుంటది. 'లాఠీ ఝుళిపించారు' అని ఇంకోటి. ఝుళిపించుడంటే గాలిల ఊపుడు. గాలిల ఊపితే వీపు వాస్తదా?

చట్టంల 'లాఠీచార్జి' అనే మాటనే లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 148వ సెక్షన్, పాత 129వది, చెప్పేది ఇది: శాంతికి భంగం కలిగేటట్టుంటే గుంపును చెదిరిపొమ్మని ముందు ఆజ్ఞ ఇయ్యాలె. అయినా పోకపోతే, లేదా పోయేదే లేదన్నట్టు వ్యవహరిస్తే, బలం వాడొచ్చు. ఆ ఆజ్ఞ మెజిస్ట్రేటు గానీ, స్టేషన్ ఇన్‌చార్జి గానీ, ఆయన లేకుంటే ఎస్సైకి తగ్గని అధికారి గానీ ఇయ్యాలె. ఆయుధాలు లేకుండా శాంతిగా కూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలనే ఉన్నది.

అందుకే రేపు ధర్నాకు పోతే కర్ర ఇంట్లనే పెట్టి పోండ్రి. పొమ్మని ఎవరు చెప్పిన్రు, ఎన్ని గంటలకు చెప్పిన్రు, అసలు చెప్పిన్రా లేదా రాసిపెట్టుకోండ్రి. దెబ్బ తగిలితే 'లాఠీచార్జి జరిగింది' అనకండ్రి. ఫలానా తారీఖు, ఫలానా చోట, పోలీసులు కొట్టిన్రు అని చెప్పుండ్రి. లాఠీచార్జి వెనక చార్జిషీటు వచ్చిననాడు ఆ రాసిపెట్టుకున్నదే మనకు అక్కరకొస్తది.