ఓడల వార్ధక్యము

1926వ సంవత్సరమున గ్లాస్గో నగరములోని బార్‌క్లే కర్ల్ వారి నిర్మాణశాలలో 'రాజులా' అను స్టీమరు తయారైనది. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవారు దానిని మదరాసు, నాగపట్టణముల నుండి పెనాంగు, సింగపూరులకు నడిపిరి. దాదాపు ఐదువేలమంది డెక్కు ప్రయాణికులను ఎక్కించుకొనుటకు దానికి మొదట అనుమతి ఉండెను. మలయా తోటలకు పోయినవారిలో తమిళులే అధికులు. అయినను తెలుగువారును తక్కువమంది కారు. చాపయు, మూటయు పరచుకొన్నంత చోటే వారి గది.

ఆ ఏటనే పుట్టిన సోదరి నౌక 'రోహ్నా'. దానికి ముసలితనము రాలేదు. 1943 నవంబరులో మధ్యధరా సముద్రమున జర్మనుల బాంబు తగిలి, వెయ్యిమందికి పైగా అమెరికా సైనికులతో మునిగిపోయినది. రాజులా మాత్రము యుద్ధము గడచి, సామ్రాజ్యము గడచి, 1973 వరకు అదే దారిని నడచినది. అప్పుడు షిప్పింగు కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వారు దానిని కొని, అండమానులలోని ఒక ఊరి పేరున 'రంగత్' అని పిలిచిరి. మరుసటి ఏడు బొంబాయిలో దానిని విప్పివేసిరి. అప్పటికి దాని వయస్సు 48 ఏండ్లు.

ఆ మార్గమున తరువాత నడచిన 'చిదంబరం' చరిత్ర వేరు. 1966లో ఫ్రాన్సులోని డన్‌కర్కులో 'పాస్తర్' అను పేర పుట్టి, ఐరోపా నుండి దక్షిణ అమెరికాకు నడచి, మనవారి చేతికి వచ్చినది. 1985 ఫిబ్రవరిలో నడిసముద్రమున దానికి నిప్పంటుకొనెను, పలువురు మరణించిరి. ఆ ఏడే దానిని తుక్కునకు అమ్మిరి. పందొమ్మిది ఏండ్ల ఓడ అది! దీనిని బట్టి చూడగా, ఓడ ఆయువును నిర్ణయించునది ఇనుము ఒక్కటే కాదు. ఉప్పునీరు రేకులను తినుట నిజమే. కాని రేకులను మార్చవచ్చును. ఇంధనపు ఖర్చు, మరమ్మతు ఖర్చు, ప్రయాణికుల అభిరుచి, చట్టము - వీటికి మార్పిడి లేదు. మండు వస్తువులతో కట్టిన పాత ప్రయాణ నౌకలకు అంతర్జాతీయ భద్రతా నియమములు 2010 అక్టోబరు వరకే గడువు నిచ్చినవి. కొయ్య పలకలతో సొగసుగా అలంకరించిన నౌకలు అనేకము ఆ దెబ్బతో ఒడ్డెక్కినవి.

ఆ ఒడ్డు తరచుగా గుజరాతులోని అలంగు. 1983లో అచ్చట ఈ పని ఆరంభమైనది. మహాపోటు వచ్చు దినమున ఓడను దాని యంత్రబలముతోనే తీరమునకు తోలుదురు. నీరు తీసిన పిదప అది బురదలో నిలిచిపోవును. ముందుగా మంచములు, అద్దములు, వంటపాత్రలు దిగును. వానికి దారి పొడవున అంగళ్లు కలవు. పిమ్మట గ్యాసుజ్వాలతో రేకులను కోయుదురు. ఆ రేకులు రోలింగు మిల్లులలో కడ్డీలగును. "ఓడలు బండ్లగును" అను మన సామెత అచ్చట అక్షరసత్యము. (హిందీ సామెతలో బండిపై నావ, నావపై బండి ఎక్కునే గాని, ఒకటి మరియొకటిగా మారదు, అనువాదకునికి చిక్కు తెచ్చు భేదమిది.) ఒరిస్సా, బీహారు, ఉత్తరప్రదేశముల నుండి వచ్చిన కూలీలు ఆ పని చేయుదురు. 'ఫ్రాన్స్' అను మహానౌక 2006లో 'బ్లూ లేడీ'యై అచ్చటికి వచ్చినప్పుడు, దానిలోని ఆస్బెస్టాసును గూర్చి వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు నడచెను. 2007లో అనుమతి లభించినది. రాజులా డెక్కుపై పోయినవాడును, అలంగులో ఆ దూదిపొడిని పీల్చినవాడును ఒకే తరగతివారని నాకు తోచును.

1990లో రెండు విలాస నౌకలు సముద్రమున ప్రవేశించినవి. 'క్రౌన్ ప్రిన్సెస్' పలుమార్లు పేరు మారి, 'కర్ణిక'యై 2019లో బొంబాయి చేరినది. కరోనా వచ్చి, 2020 నవంబరులో అలంగు బురదలో ఆగినది. 'నార్డిక్ ఎంప్రెస్' మాత్రము చేతులు మారి 'ఎంప్రెస్' పేర నిలిచినది. మా రాయపూరుకు సముద్రము దూరము. 1931లో పూర్తియైన విజయనగరపు రైలుమార్గమే మమ్ము విశాఖ రేవునకు చేర్చును. ఆ రేవునకు 2022 జూనులో, తన ముప్పదిరెండవ ఏట, ఎంప్రెస్ వచ్చి ఆగినది. విహారమునకై బారులు తీరిన తెలుగువారికి అది కొత్త ఓడయే.