‘మా ఊరి పొలిమేర’ – ప్రేక్షకాదరణ: ఒక పరిశీలన

పరిమిత వ్యయంతో నిర్మితమైన తెలుగు భయానక చిత్రాలలో ‘మా ఊరి పొలిమేర’ ఆదరణ చరిత్ర గమనింపదగినది. అనిల్ విశ్వనాథ్ దర్శకత్వంలో సత్యం రాజేశ్ ప్రధానపాత్రధారిగా వచ్చిన ఈ చిత్రం 2021 డిసెంబరులో నేరుగా ఓటీటీలో విడుదలైంది. కథావస్తువు చేతబడి.

గోదావరి డెల్టాతో సహా తెలుగు గ్రామాల జనవిశ్వాసంలో పొలిమేర అంటే గ్రామదేవత కాపుగాసే హద్దు; ఆపద దాని ఆవలినుండి వస్తుందని నమ్మకం. ఈ చిత్రంలో ఆపద ఊరివాడినుండే పుడుతుంది. ముగింపు మలుపు మెప్పు పొందడానికి ఈ తారుమారే ప్రధాన కారణమని చెప్పవచ్చు.

అయితే చేతబడి అనుమానంతో మనుషులను చంపిన ఘటనలు తెలుగునేలపై నిజంగా జరిగాయి. కనుక ఇటువంటి చిత్రాలు మూఢవిశ్వాసానికి బలమిస్తాయన్న ఆక్షేపణను తోసిపుచ్చలేము. 2023 నవంబరులో రెండవ భాగం థియేటర్లకు వచ్చి విజయం సాధించింది. ఆ ఆదరణలో కథపై మక్కువ ఎంత, చేతబడిపై నమ్మకం ఎంత అన్నది విడదీసి చూడవలసి ఉంది.