రాని భాషలో పాట: చర్ల గూడేల్లో కోయ పిల్లల చదువు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఛత్తీస్‌గఢ్ సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం చర్ల. తాలిపేరు ప్రాజెక్టు ఇక్కడిదే. చుట్టుపక్కల చాలా గూడేల్లో ఇంటి భాష కోయ. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక సరిహద్దు దాటి వచ్చిన గుత్తికోయలకైతే తెలుగు పరాయి భాషే. బడి పాట మాత్రం తెలుగులో.

రాగం, తాళం పిల్లలు ఇట్టే పట్టేస్తారు. చిక్కంతా మాటల దగ్గరే. కోయ సొంత మాటల్లో భ, ధ లాంటి ఒత్తు పలుకులు ఉండవు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఊపిరిది. మాట ఎక్కడ ముగుస్తుందో తెలియని పిల్లవాడు మాట మధ్యలోనే ఊపిరి తీసుకుంటాడు. అర్థం ముందు చెబితే ఇది చాలావరకు పోతుంది, కానీ చెప్పేవాళ్లకు కోయ రావాలి కదా!

ఈ తిప్పలు అందరికీ ఉన్నవే. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం. అందుకే త్యాగరాజ కీర్తనలు నేర్చుకునే తమిళుల పుస్తకాల్లో అక్షరం పక్కన అంకెలు వేస్తారు. ఉర్దూ గజల్‌ను తెలుగు లిపిలో రాసుకుంటే ఖాఫ్, గైన్ పలుకులు జారిపోతాయి. అవి ఉస్తాద్ నోటి నుంచి విని పట్టుకోవాల్సినవే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో కోయతో సహా 8 భాషల్లో, తెలుగు లిపిలోనే, ప్రాథమిక వాచకాలు తెచ్చారు. మంచి పనే, ఆలస్యంగా జరిగింది.

ఇదే జిల్లా మణుగూరు ప్రాంతపు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మ కథను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు.